బ్రందుర్ పెట్టిన ఎత్తు

ఉత్తరాన మంచు తీరంలోని మా సెల్విక్‌లో మనిషిని ముఖం చూసి పలకరించరు, బండి టైరు చూసి పలకరిస్తారు. ముప్ఫై అయిదు అంగుళాల టైరు వేసుకున్నవాడికి తల ఊపితే చాలు. ముప్ఫై ఎనిమిదైతే ఆగి, వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడాలి. నలభై నాలుగు వేసుకున్నవాడు పెట్రోలు బంకులో కాఫీకి వస్తే పక్కవాళ్ళు జరిగి చోటిస్తారు. ఊళ్ళో ఉన్న ఈ పెద్ద టైర్లన్నీ ఏదో ఒక రోజు బ్రందుర్ చేతుల మీదుగా వెళ్ళినవే. ఆయన మాత్రం మామూలు టైర్లున్న పాత చిన్న కారులో తిరిగేవాడు. ఎవరైనా ఆట పట్టిస్తే, "నేను వెళ్ళాల్సిన ఊరేదీ లేదు కదా" అనేవాడు.

అరవై రెండేళ్ళ మనిషి. జాలరి కొడుకై పుట్టి, ఒడ్డుకు కట్టేసిన పడవలో కూడా వాంతి చేసుకునేవాడు. తండ్రి మూడేళ్ళు ఓపిక పట్టి, నాలుగో ఏడు చేపపిండి ఫ్యాక్టరీ వర్క్‌షాపులో పడేశాడు. అక్కడ వెల్డింగ్ పట్టుబడింది, లేత్ మిషను పట్టుబడింది. ఆ తర్వాత పెళ్ళయింది, కూతురు పుట్టింది. భార్య రాజధానిలో ఉన్న అక్క దగ్గరికి చుట్టపుచూపుగా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. కూతురు హేర్దీస్ మాత్రం గ్రీజు వాసన నచ్చి తండ్రి దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు దానికి ఇరవై తొమ్మిది. మా ఊరి రక్షణ దళంలో బండి నడిపేది అదే.

దళం అంటే జీతాల ఉద్యోగం కాదు. తుఫానులో ఎవరైనా ఇరుక్కుంటే పని వదిలేసి పరుగెత్తే మామూలు జనం. ఖర్చులకు కొత్త సంవత్సరం ముందు నాలుగు రోజులు దళమే టపాకాయలు అమ్ముతుంది. ఊరంతా కొని, చెవులు చిల్లులు పడేలా కాలుస్తుంది. అలా ఏడేళ్ళు కాల్చిన మందుగుండుతో ఆ సెప్టెంబరులో దళానికి కొత్త బండి వచ్చింది. తెల్లటి బండి. ఇంకా సీట్ల మీద ప్లాస్టిక్ కూడా తీయలేదు. నలభై నాలుగు అంగుళాల టైర్లు ముందే వచ్చి షెడ్డులో గోడకు ఆనించి ఉన్నాయి. ఇక తేలాల్సింది ఒక్కటే. ఆ టైర్లు పట్టాలంటే బండిని ఎంత పైకెత్తాలి?

"నువ్వు ఎంతంటే అంత, బాబాయ్. నవంబరు మొదటి వారంలో సామాను ఆర్డరు పెట్టేయాలి" అన్నాడు ఆర్నోర్. బ్రందుర్ అన్నగారి కొడుకు, దళానికి అధ్యక్షుడు. చేపల పెంపకం కంపెనీలో పనిచేస్తాడు. ఏ పనైనా నిన్నటికే అయిపోయి ఉండాలంటాడు.

మామూలుగా బ్రందుర్‌ని ఆ ప్రశ్న అడిగితే నోట్లో మాట నోట్లోనే ఉండగా జవాబు వచ్చేది. అయిదు సెంటీమీటర్లకు మించి ఎత్తకు, మిగతాది మడ్‌గార్డులు కోసి చోటు చెయ్యి. ఆ నియమం పెట్టిందే ఆయన. కొత్త కుర్రాళ్ళ చేత వల్లె వేయించిందీ ఆయనే. అలాంటిది ఆ రోజు, "చూద్దాంలే" అన్నాడు. ఆర్నోర్‌కి అది వింతగానే ఉండి ఉంటుంది కానీ, పట్టించుకునే తీరిక లేదు.

ఆ రాత్రి నుంచే బ్రందుర్‌కి తిండి సయించడం మానేసింది. ఎండుచేప ముక్కకు వెన్న రాసుకుని నోట్లో పెట్టుకుంటే అది ఎంత నమిలినా గొంతు దిగేది కాదు. పొద్దున్నే షెడ్డుకు వెళ్ళి కొత్త బండి చుట్టూ తిరిగేవాడు. ఒక టైరును ముందు చక్రానికి బిగించి, దాని అంచులకు సుద్ద పూసి, స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పేవాడు. ఎక్కడ సుద్ద అంటుకుంటే అక్కడ టైరు ఒరుసుకుంటున్నట్టు. తెల్లబండి మీద తెల్లసుద్ద కనిపించక నీలం సుద్ద తెచ్చాడు. గుర్తులు చూసి తుడిచేసేవాడు. మళ్ళీ పూసేవాడు. కొలతలు ఆయనకు కంఠతా వచ్చు, చూడాల్సిన పనే లేదు.

ఏడున్నర కొట్టేసరికి యోకుల్ చక్రాల కుర్చీలో వచ్చేవాడు. పదకొండేళ్ళుగా వస్తున్నాడు. ఒకప్పుడు బడి బస్సు నడిపినవాడు, మంచులో బండి తోలడంలో ఈ తీరం మొత్తానికి మొనగాడు. ఇప్పుడు దళం వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చునేది అతనే. వైర్‌లెస్ పక్కన మేకుకు అతని కప్పు వేలాడుతూ ఉంటుంది. బ్రందుర్ దాన్ని దించి, కాఫీ పోసి ఇస్తాడు. అదీ పదకొండేళ్ళుగానే.

"ఎంత పెడుతున్నావురా?" అని అడిగేవాడు యోకుల్, కొత్త బండి వైపు చూస్తూ.

"ఇంకా తేల్చుకోలేదు."

"నువ్వా తేల్చుకోనిది? ముసలోడివైపోయావురా నువ్వు."

బ్రందుర్ నవ్వబోయేవాడు. అది నవ్వులా వచ్చేది కాదు.

ఎందుకు వచ్చేది కాదో చెప్పాలంటే చెంప సంగతి చెప్పాలి. చలికాలంలో మా ఊరి నుంచి బయటపడాలంటే క్రాకా మిట్ట దాటాలి. రోడ్డు కింద లోయలోంచి పోతుంది, కానీ మంచుచరియలు పడి నెలల తరబడి మూసుకుపోతుంది. అప్పుడు దళం బండి పైనుంచి, కొండవాలుకు అడ్డంగా రెండు కిలోమీటర్లు పోవాలి. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. ఆ వాలునే చెంప అంటారు. మంచులో దిగబడకుండా టైర్లలో గాలి దాదాపు మొత్తం తీసేస్తారు. టైరు చప్పబడి, రొట్టెలా పరుచుకుని పైపైన నడుస్తుంది. చదునులో అది సుఖమే. వాలు మీద మాత్రం కిందివైపు టైర్లు ఇంకా నలిగి బండిని లోయవైపు ఇంకాస్త వాలుస్తాయి. బండి ఎంత ఎత్తుగా ఉంటే ఆ వాలడం అంత ఎక్కువ. పైవైపు చక్రాలు తేలితే స్టీరింగు లోయవైపే తిప్పాలి, భయపడి కొండవైపు తిప్పితే బండి దొర్లుతుంది. ఈ సంగతి మా ఊళ్ళో పాలు తాగే పిల్లకీ తెలుసు.

పదకొండేళ్ళ క్రితం దళానికి ఇలాగే ఒక కొత్త బండి వచ్చింది, నీలం రంగుది. స్వావా అనే ఆవిడ ఇచ్చింది. క్రాకా మీద తుఫానులో పోయిన భర్త గుర్తుగా, ఆయన పడవలో తన వాటా అమ్మి కొనిచ్చింది. డ్రైవరు తలుపు మీద ఆయన పేరు చిన్న అక్షరాలతో రాయించింది. బ్రందుర్ మడ్‌గార్డులు కోయడానికి రంపం చేతపట్టుకున్న రోజునే ఆవిడ మెలికల రొట్టెలు వేయించి డబ్బా నిండా పట్టుకొచ్చింది.

"ఇప్పుడే కోసేస్తావా నాయనా?" అంది. అని, గుర్రం మెడ నిమిరినట్టు ఆ నీలం మడ్‌గార్డు నిమిరింది.

"లేదులే అత్తా. కొయ్యకుండా ఏదో చేస్తాను" అన్నాడు బ్రందుర్.

అంతకన్నా ఆయన ఏమనగలడు? భర్త శవాన్ని కోస్తున్నట్టు చూసింది ఆవిడ. రంపం పక్కన పెట్టి, ఫ్యాక్టరీలో చేపలు కోసే బల్లల తాలూకు మందపాటి తెల్ల ప్లాస్టిక్కు తెచ్చుకున్నాడు. లేత్ మీద ఎనిమిది దిమ్మలు తిప్పి, బాడీకీ ఛాసిస్‌కీ మధ్య పెట్టి బిగించాడు. అయిదు సెంటీమీటర్ల దిమ్మలు పెడితే టైరు ఒరుసుకుంది. ఏడుకీ ఒరుసుకుంది. పదికి ఒరుసుకోలేదు. పది పెట్టేశాడు. దళం పుస్తకంలో మాత్రం "ఎత్తు: అయిదు" అని రాశాడు. నియమం పెట్టినవాడు తనే కదా, పది అని ఏ చేత్తో రాస్తాడు? అంతంత టైర్ల మీద అయిదుకీ పదికీ తేడా చూసేవాళ్ళకు తెలియదు.

ఆ ఫిబ్రవరిలో యోకుల్ ఆ బండి తీసుకుని వెళ్ళాడు. చెంప మీద పక్కకు ఒరిగి, ఆగి ఆగి మూడు పల్టీలు కొట్టింది. యోకుల్ నడుము విరిగింది. మంచు చెడ్డదన్నారు, రోజు బాగాలేదన్నారు. తునకలైన బండిని విడగొట్టింది బ్రందురే. ఎనిమిది దిమ్మలూ తీసి, పాత బిస్కెట్ల డబ్బాలో పెట్టి ఇంట్లో దాచాడు. "నేనిచ్చిన బండి వాణ్ణి కుర్చీలో పడేసింది" అని స్వావా ఏడుస్తుంటే, నిజం చెబితే ఆవిడ ఇంకా కుంగిపోతుందని నోరు కట్టేసుకున్నాడు. అలా తనకు తాను చెప్పుకున్నాడు. స్వావా పోయి రెండేళ్ళయింది. ఆ వంక కూడా ఆవిడతోనే పోయింది. డబ్బా మాత్రం అటక మీద అలాగే ఉంది.

అక్టోబరు చివరి శనివారం పొద్దున షెడ్డులో అందరూ కూర్చున్నారు. కాఫీ ఉంది, రొట్టెలున్నాయి. ఆర్నోర్ ల్యాప్‌టాప్ తెరిచి ఒక బొమ్మ చూపించాడు. పొరుగు ఊరి దళం కొత్త బండి అది. ఎక్కడానికి మూడు మెట్ల నిచ్చెన వేలాడుతోంది.

"పదిహేను సెంటీమీటర్ల లిఫ్ట్. స్ప్రింగులు, షాకులు, రాడ్లు అన్నీ సెట్టుగా వస్తాయి. ఒక్క రేకు ముక్క కొయ్యక్కర్లేదు. నాలుగేళ్ళు తిప్పుకుని, మళ్ళీ మామూలుగా దించి అమ్ముకోవచ్చు. కోసిన బండిని ఎవడు కొంటాడు?"

"ఆ నిచ్చెన ఎవరికన్నయ్యా, నీకా? అయిదడుగులోడివి నువ్వు" అంది హేర్దీస్.

అందరూ నవ్వారు. బ్రందుర్ నవ్వలేదు.

"కోద్దాం. అయిదు ఎత్తుదాం, మిగతాది కోద్దాం" అన్నాడు.

"ఎందుకు బాబాయ్? కారణం చెప్పు."

"చెంప ఉంది కదరా."

ఆర్నోర్ ఆ మాట కోసమే చూస్తున్నట్టు, బీరువాలోంచి దళం పాత పుస్తకం తెచ్చి కాగితం గుర్తు పెట్టుకున్న చోట తెరిచాడు. వాడు చెడ్డవాడు కాదు, పాఠం బాగా చదువుకొచ్చిన రకం, అంతే. "స్వావా బండి. ఇదిగో నీ దస్తూరీయే. 'ఎత్తు: అయిదు.' అయిదుతోనే దొర్లింది బాబాయ్. అంటే దొర్లడానికి ఎత్తు కారణం కాదన్నమాట. మంచు కారణం, ఇంకా..." అని యోకుల్ కుర్చీ కనిపించి తడబడ్డాడు. "అంటే, చేయి అనేది ఎవరికైనా ఒక్కోసారి తప్పుతుంది. దాంట్లో తప్పు పట్టేదేం లేదు."

యోకుల్ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. అనాల్సిందేదో పదకొండేళ్ళ కిందటే తనకు తాను అనేసుకున్న మనిషిలా ఉన్నాడు.

రోజూ ఎదురుగా కూర్చుని కాఫీ తాగే మనిషి ముఖంలో ఆ చూపు ఉందని బ్రందుర్‌కి అప్పటిదాకా తెలియదు. తెలుసేమో కూడా, తెలియనట్టు ఉండటం అలవాటైపోయింది. ఇక్కడ నోరు మూసుకుంటే రేపు జనవరిలో తన కూతురు పదిహేను సెంటీమీటర్ల ఎత్తున కూర్చుని చెంప మీదికి వెళ్తుంది. ఆ ఎత్తును ఒప్పించింది తను రాసిన అంకే అవుతుంది. నోరు తెరిస్తే ఎదురుగా యోకుల్ ఉన్నాడు, పక్కనే కూతురు ఉంది. మింగలేడు, కక్కలేడు.

"అది అయిదు కాదు" అన్నాడు.

"ఏంటి?"

లేచి బయటికి వెళ్ళాడు. అటక మీంచి దించిన ఆ బిస్కెట్ల డబ్బా సోమవారం నుంచీ కారు వెనక సీట్లోనే ఉంది. ఎందుకు పెట్టుకున్నాడో అడిగితే చెప్పలేకపోయేవాడు. తెచ్చి బల్ల మీద బోర్లించాడు. ఎనిమిది తెల్ల దిమ్మలు దొర్లాయి, ఒకటి పగిలి ఉంది. మాటలు వెతుక్కుంటూ, మధ్యలో రెండుసార్లు ఆగిపోయి, స్వావా రొట్టెల డబ్బా నుంచి పుస్తకంలో అంకె దాకా అంతా చెప్పాడు. దానికి పట్టింది అయిదు నిమిషాలే. హేర్దీస్ జేబులోంచి స్కేలు తీసి ఒక దిమ్మ పక్కన నిలబెట్టింది.

"పది" అంది.

ఆర్నోర్ పుస్తకం మూసేశాడు. యోకుల్ చేయి చాచి, పగిలిన దిమ్మను తీసుకుని, రెండువైపులా తిప్పి చూసి, ఒళ్ళో పెట్టుకున్నాడు. కుర్చీ తిప్పుకుని వెళ్ళిపోయాడు. అతని వెనకే తలుపు వేయడానికి లేచినవాళ్ళు కూడా లేరు. చలిగాలి లోపలికి కొడుతూనే ఉంది.

ఆ తర్వాత అయిదు సెంటీమీటర్లే అని తేలిపోయింది. దానిమీద చర్చే జరగలేదు. ఆర్నోర్ ల్యాప్‌టాప్ మూసి, "కోసెయ్ బాబాయ్" అని మాత్రం అన్నాడు. కోపంగా అన్నాడో జాలిగా అన్నాడో తెలియలేదు.

మర్నాడు ఏడున్నరకు యోకుల్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వైర్‌లెస్ పని ఆర్నోర్ చూసుకున్నాడు. కప్పు మేకుకు అలాగే వేలాడుతూ ఉండిపోయింది. నాలుగో రోజు బ్రందుర్ అతని ఇంటిదాకా వెళ్ళాడు. కిటికీలో యోకుల్ కనిపించాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. యోకుల్ చేయెత్తి కర్టెన్ లాగేశాడు. ఊళ్ళో వాళ్ళెవరూ బ్రందుర్‌ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించేది ఆయనకు. పెట్రోలు బంకులో కాఫీకి నిలబడితే జనం జరిగి చోటిచ్చేవాళ్ళు. ఎక్కువ చోటే ఇచ్చేవాళ్ళు.

కోసే రోజున హేర్దీస్ వచ్చి ఎదురుగా నిలబడింది. వారం రోజులుగా అది తండ్రితో ఉప్పందుకో, తలుపెయ్యి లాంటి మాటలే మాట్లాడుతోంది.

"గీత గియ్యి నాన్నా, ఎక్కడ కొయ్యాలో."

ఆయన సుద్ద గుర్తుల వెంట గీత గీశాడు. గీత వంకరపోయింది. తుడిచి మళ్ళీ గీశాడు.

"ఈ పదకొండేళ్ళలో నన్ను ఎన్నిసార్లు పంపావు చెంప మీదికి?"

"లెక్కపెట్టలేదమ్మా. పంపిన ప్రతిసారీ నా ప్రాణం గుప్పిట్లో పెట్టుకునే ఉన్నాను."

"నా కోసం భయపడ్డావు, సరే. మరి యోకుల్‌ని చూసిన ప్రతిసారీ ఏం చేశావు?"

బ్రందుర్ చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఇంకేదైనా చేశానా అని.

"కాఫీ పోశాను" అన్నాడు.

హేర్దీస్ ఇంక అడగలేదు. చెవులకు మూతలు పెట్టుకుని రేకును రెండు చేతులా అదిమి పట్టుకుంది. ఆయన రంపం ఆన్ చేశాడు. ఏడేళ్ళు ఊరంతా కాల్చిన టపాకాయలతో వచ్చిన తెల్లబండి మడ్‌గార్డు, అరచెయ్యంత వెడల్పున తెగి కింద పడింది. నాలుగు చక్రాలకూ కోశాడు. కోసిన చోట వెడల్పాటి నల్లటి అంచులు బిగించాడు. నవంబరంతా ఆ పనే. స్ప్రింగులు వేశాక టేపు పెట్టి నాలుగువైపులా కొలిచాడు. పుస్తకంలో రాయమని హేర్దీస్‌కే ఇచ్చాడు. అది కూడా కొలిచి, అయిదు అని రాసింది. తండ్రి కొలిచినదాన్ని మళ్ళీ కొలవడం దానికి అదే మొదటిసారి. ఆయన అది చూసి పక్కకు తిరిగి బోల్టులు సర్దుకున్నాడు.

డిసెంబరులో ఊరు మళ్ళీ టపాకాయలు కొంది, కాల్చింది. జనవరి రెండో వారంలో తూర్పు నుంచి తుఫాను దిగింది. పొద్దున పదకొండింటికి ఫోను వచ్చింది. మిట్ట అవతలి లోయలో ఒక గొర్రెల రైతు మీద ట్రాక్టరు ఒరిగి తొడ నలిగింది, రక్తం ఆగడం లేదు. అంబులెన్సు లోయ రోడ్డు మీద మంచులో కూరుకుపోయింది. హెలికాప్టరు ఎగరలేదు. హేర్దీస్, ఆర్నోర్ బండి తీశారు.

"గాలి ఎంత తీస్తావు?" అన్నాడు బ్రందుర్, కిటికీ అంచు పట్టుకుని.

"నువ్వు నేర్పినంతే." అద్దం పైకెత్తబోతూ, "లోపలికెళ్ళు నాన్నా, చలికి చస్తావు" అంది.

షెడ్డులో ఆయనొక్కడే మిగిలాడు. వైర్‌లెస్ ముందు కూర్చోవడం ఆయనకు అలవాటు లేదు. మీటలన్నీ సరిగానే ఉన్నా నాలుగైదుసార్లు సరిచూశాడు. గాలికి పైకప్పు రేకులు కొట్టుకుంటున్నాయి. ఒక్కొక్క బోల్టూ మనసులో మళ్ళీ బిగిస్తూ కూర్చున్నాడు. ముందు ఎడమ స్ప్రింగు కింద వాషరు వేశానా? వేశాను. వెనక రాడ్డుకి రెండో నట్టు? బిగించాను, హేర్దీస్ చూసింది. అయిదు అయిదేనా? లేచి గోడదాకా నడిచాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

తలుపు బయట మంచు తోసే ట్రక్కు ఆగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. యోకుల్. ట్రక్కు డ్రైవరు అతన్ని కుర్చీతో సహా లోపల దింపి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. యోకుల్ భుజాల మీది మంచు దులుపుకోలేదు.

"జరుగు" అన్నాడు.

బ్రందుర్ జరిగాడు. యోకుల్ సెట్టు ముందుకు వచ్చి హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకున్నాడు.

"హేర్దీస్, షెడ్డు నుంచి. ఎక్కడున్నావు?"

గరగరల మధ్య గొంతు వచ్చింది. "యోకుల్ మామా? చెంప మొదట్లో ఉన్నాం. ఏం కనపడటం లేదు. జీపీఎస్ గీత మీద పోతున్నాం."

"నెమ్మదిగా పో. మాట్లాడకు. దాటాక చెప్పు."

ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఏమీ లేదు. ఇద్దరూ గోడ గడియారం చూస్తూ కూర్చున్నారు. ముప్ఫయ్యో నిమిషం దాటింది. యోకుల్ మీట మీద వేలు పెట్టి తీశాడు. పిలిస్తే అక్కడ చెయ్యి బెదురుతుందని ఇద్దరికీ తెలుసు. ముప్ఫై ఎనిమిదో నిమిషంలో సెట్టు గరగరలాడింది.

"దాటేశాం." హేర్దీస్ గొంతు సన్నగా ఉంది. "మధ్యలో ఒకచోట పైవైపు చక్రాలు తేలిపోయాయి. కిందికి జారాం. కిందికే తిప్పేశాను. నిలబడింది. నాన్న ఉన్నాడా అక్కడ?"

"ఉన్నాడు" అన్నాడు యోకుల్. "పో. ఆ రైతు సంగతి చూడు."

మీట వదిలేశాడు. బ్రందుర్ బల్ల మీద తల ఆనించి, ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఎంతసేపు అలా ఉన్నాడో తెలియదు. యోకుల్ గొంతు వినిపించి తలెత్తాడు.

"నేనూ కిందికే తిప్పానురా."

బ్రందుర్ అతని వైపు తిరిగాడు.

"చక్రాలు తేలగానే కిందికి తిప్పాను. నాకు గుర్తుంది. కానీ బండి లేవలేదు. అయిదే ఎత్తు కదా, కిందికి తిప్పి ఉంటే లేచి ఉండాలి కదా అని, కొండవైపు తిప్పి ఉంటానని అనుకున్నాను. భయపడి పైకి తిప్పేసి, కిందికి తిప్పానని నాకు నేనే చెప్పుకుంటున్నానేమో అనుకున్నాను. పదకొండేళ్ళు అదే స్టీరింగు పట్టుకుని పడుకున్నాను. నువ్వేమో పొద్దున్నే కాఫీ పోసేవాడివి." గొంతులో కోపం ఉంది. ఎక్కువగా అలసటే ఉంది. "నా కాళ్ళు పోయాయని కాదు నాకు. నా చేతులు కూడా పోయాయనుకున్నాను."

"నన్ను క్షమించమని అడగను" అన్నాడు బ్రందుర్. "అడిగే ముఖం లేదు."

"అడక్కు." యోకుల్ కుర్చీ పక్క సంచిలోంచి ఆ పగిలిన దిమ్మ తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ పుస్తకం తియ్యి."

బ్రందుర్ బీరువాలోంచి పాత పుస్తకం తెచ్చాడు. ఆర్నోర్ పెట్టిన కాగితం గుర్తు ఇంకా అందులోనే ఉంది. తెరిచాడు. తన దస్తూరీయే, పదకొండేళ్ళ కిందటిది, గుండ్రంగా, నింపాదిగా ఉంది.

"దిద్దు. నేను చూస్తుండగా దిద్దు."

పెన్ను తీసుకున్నాడు. అయిదు మీద అడ్డంగా గీత కొట్టాడు. పక్కన పది అని రాశాడు. ఆగి, దాని కింద తన పేరు, ఆ రోజు తేదీ కూడా వేశాడు. యోకుల్ పుస్తకం దగ్గరికి లాక్కుని, సిరా ఆరేదాకా ఆ పుట చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మేకుకు ఉన్న కప్పు వైపు చూసి, కాఫీ అడిగాడు.